వలంటీరుకి వచ్చిన చేతికుట్టు బొంత: అందుకున్న రోజు నుంచి అంచు మార్చేదాకా నా అనుభవం

బొంత నా చేతికి అందింది ఆగస్టు చివర్లో. దాన్ని ఇంటికి తెచ్చుకున్నది సెప్టెంబరు మూడో వారంలో. కప్పుకోవడం మొదలుపెట్టింది అక్టోబరు సగం గడిచాక. మధ్యలో ఇంత సమయం దేనికి పట్టిందో వరసగా రాస్తున్నాను. ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళకు సాయం చేసే వలంటీర్లలో చాలామందికి ఇలాంటి బహుమతి ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. డబ్బు ఇవ్వబోతే వద్దని చెప్పడం తేలికే, రూలు ఒప్పుకోదంటే సరిపోతుంది. నెలల తరబడి కూర్చుని చేత్తో కుట్టినదాన్ని వద్దనడానికి మాత్రం నోరు రాదు. అలాగని చంకన పెట్టుకుని వచ్చేయడమూ సరైన పని కాదు.

మేం చేసేది చిన్న సేవ. చూపు మందగించిన పెద్దలకు ఉత్తరాలు, బిల్లులు, మందుల చీటీలు చదివి పెట్టడం. వారానికోసారి వెళ్తాం, గంటన్నర ఉంటాం. నేను వెళ్ళే ఇంట్లో పెద్దావిడను మామ్మగారు అని పిలుస్తాను. చదవాల్సినవి అయిపోయాక ఆవిడ సూదులు ముందు పెట్టి దారం ఎక్కించి ఇమ్మనేవారు.

దీనికో పద్ధతి ఉంది. చూపు సరిగా లేనివాళ్ళతో కూర్చునే ప్రతి వలంటీరుకీ పనికొస్తుంది. ఒక్కో సూదికీ విడిగా దారం తెంపి ఎక్కించి పెడితే పోగులు ఒకదానితో ఒకటి చిక్కుపడతాయి. అలా కాకుండా రీలు నుంచి దారం తెంపకుండా, దాని కొసను వరసగా పది పన్నెండు సూదుల బెజ్జాల్లోంచి పోనిచ్చి, సూదులన్నిటినీ దారం మీదే పూసల్లా ఉంచేయాలి. కుట్టేవాళ్ళు చివరి సూదిని మాత్రం పట్టుకుని మూరెడు దారం లాగి కత్తిరించుకుంటారు. మిగతా సూదులు వెనక్కి జరిగి దారం మీదే ఉంటాయి. దారం మూరెడు, అంటే 18 అంగుళాలు, మించకూడదు. పొడుగైతే బట్టలోంచి అన్నిసార్లు దూరి దూరి పోగు నలిగి మెలిపడుతుంది, ముడులు పడతాయి. బెజ్జం పెద్దగా ఉన్న సూదులే కొనాలి. పై భాగంలో చీలిక ఉండి, దారాన్ని పైనుంచి నొక్కితే లోపలికి దిగే సూదులు కూడా దొరుకుతాయి. కానీ మందమైన పొరల్లోంచి లాగేటప్పుడు ఆ చీలికలోంచే దారం ఊడి వచ్చేస్తుంది. బొత్తాలు కుట్టుకోవడానికి అవి బాగుంటాయి, బొంతకు పనికిరావు.

"ఇన్ని సూదులు ఎందుకండీ మామ్మగారూ?" అని అడిగితే "పనుందిలే అమ్మాయ్" అనేవారు. అంతకుమించి చెప్పలేదు.

ఆగస్టు చివర్లో ఓ సాయంత్రం, చదవడం పూర్తయ్యాక, తెల్ల నూలుగుడ్డలో చుట్టిన మూట ఒళ్ళో పెట్టారు. ఆ క్షణంలో మొదట నోటికొచ్చేది "ఎందుకండీ ఇంత శ్రమ" అనే మాట. అది అనకపోవడమే మంచిదని నేననుకుంటాను. చేసినవాళ్ళు మన ముఖంలోకి, చూపు లేకపోతే మన గొంతులోకి, చూసేది ఆ శ్రమ మనకు కనిపించిందా లేదా అనే. అందుకని పూర్తిగా విప్పి మంచం మీద పరిచి చూడాలి. రెండు వైపులా చూడాలి. చేత్తో తడమాలి. ఏ ముక్క ఏమిటో అడగాలి. నేను అడుగుతుంటే మామ్మగారు వేళ్ళతో ముక్క ముక్కా తడిమి, అతుకు మీద అతుకు లెక్కపెట్టి, ఏది ఎక్కడుందో చెప్పారు. రంగు కనపడకపోయినా బట్ట నేత వేలికి తెలుస్తుంది. గళ్ళ చొక్కా గుడ్డ కాస్త గరుకు, వాయిల్ జారుతుంది, పాత దుప్పటి గుడ్డ మెత్తగా దూదిలా ఉంటుంది.

తర్వాత చెప్పాల్సింది చెప్పాను. "మామ్మగారూ, నాకు చాలా నచ్చింది. మా సంస్థలో చెప్పి, రిజిస్టరులో రాయించాకే ఇంటికి తీసుకెళ్ళాలి. ఏది వచ్చినా రూలు అంతే." ఈ మాట ఆ రోజే, అక్కడే చెప్పాలి. మర్నాడు ఫోన్లో చెబితే వెనక్కి ఇచ్చేస్తున్నారేమో అనుకుంటారు. ఆవిడ "రాయించుకో, దాచుకోవాల్సింది ఏముంది ఇందులో" అన్నారు. నేను వద్దనలేదు, తీసుకున్నాననీ అనలేదు. రెంటికీ మధ్య ఉన్న ఆ మాట తీరు అలవాటు చేసుకోవాలి.

ఇంకో పని కూడా అప్పుడే చేయాలి, చాలామంది వదిలేసేది ఇదే. చేసినవాళ్ళు ఎదురుగా ఉండగానే వివరాలు అడిగి రాసుకోవాలి. పై గుడ్డ ఏమిటి, లోపల ఎన్ని పొరలు, అవి ఏ బట్ట, దారం నూలుదా పాలిస్టరా, కుట్టకముందు అన్నీ ఉతికారా, కొత్త గుడ్డ ఏదైనా కలిసిందా, ఇందులో ఉన్న బట్టలు ఎవరివి. బొంత నోరు కుట్టేశాక లోపల ఏముందో మళ్ళీ తెలుసుకోవాలంటే విప్పాల్సిందే. నా పుస్తకంలో రాసుకున్నది ఇది: పైన ముక్కల అతుకులు, లోపల రెండు పొరలు పాత దుప్పటి, కింద ఒకే పెద్ద నూలుగుడ్డ. మొత్తం నాలుగు పొరలు. దారం నూలుది. అన్నీ వాడి వాడి ఉతికినవే, ఎర్ర ముక్కలు మాత్రం కొత్తవి, నీళ్ళు తగలనివి. ఆ చివరి వాక్యం తర్వాత నన్ను పెద్ద నష్టం నుంచి కాపాడింది.

బట్టలు ఎవరివి అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు పనిని కొంచెం పెంచింది. బూడిద రంగు గళ్ళ ముక్కలు ఆవిడ చనిపోయిన భర్త చొక్కావి. పసుపు పూల ముక్క కూతురు చిన్నప్పటి గౌనుది. గుడ్డ పాతదే, అమ్మితే ఏమీ రాదు. కానీ అది ఆ కుటుంబానిది కూడా. కూతురికి తెలియకుండా అది నా ఇంటికి రావడం నాకు నచ్చలేదు. వలంటీరు నేరుగా ఆ ఇంటి పిల్లలకు ఫోన్ చేయడం మా దగ్గర కుదరదు, కోఆర్డినేటరు ద్వారానే జరగాలి. అదీ మంచిదే. మధ్యలో మూడో మనిషి ఉంటే కూతురు మొహమాటం లేకుండా తన మాట చెప్పగలుగుతుంది.

రెండు రోజుల తర్వాత ఆఫీసులో ఇచ్చాను. బహుమతుల రిజిస్టరులో తేదీ, ఇచ్చినవారు, వస్తువు, ఎలా వచ్చింది, విలువ అనే గడులు ఉన్నాయి. మొదటి నాలుగూ నిమిషంలో నిండాయి. విలువ దగ్గర ఆగిపోయాం. ఇలాంటి రిజిస్టర్లు కొన్న వస్తువుల కోసం తయారవుతాయి. ఇంత ధర లోపు ఉంటే తీసుకోవచ్చు, దాటితే కుదరదు అని గీత ఉంటుంది. పాత గుడ్డల బొంతకు ధర ఏమని రాస్తాం? సున్నా అని రాస్తే చేసిన మనిషిని కించపరిచినట్టు ఉంటుంది. చేతిపనికి కూలి కట్టి రాస్తే ఏ గీతనైనా దాటేస్తుంది.

అందుకని కొలిచి రాశాం. బొంత 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు. పొడుగునా అర అంగుళానికో వరస చొప్పున కుట్లు. అంటే సుమారు 120 వరసలు, ఒక్కోటి 84 అంగుళాలు. కలిపితే 10,080 అంగుళాలు, 840 అడుగుల కుట్టు. అంగుళానికి నాలుగు కుట్లు వేసుకుంటే నలభై వేల కుట్లు దాటతాయి. నాలుగు పొరల్లోంచి పైకీ కిందికీ దిగే కుట్టు కాబట్టి, ముడులకీ కొసలకీ పోయేది పోగా, 18 అంగుళాల దారం పదకొండు అంగుళాల వరకే వస్తుంది. ఆ లెక్కన సూదిలో దారం ఎక్కించాల్సింది సుమారు 900 సార్లు, పట్టే దారం 400 మీటర్లకు పైనే. అడుగుకి అయిదు నిమిషాలు చొప్పున చూసినా కుట్టడానికే 70 గంటలు. ముక్కలు కత్తిరించి అతకడం ఇందులో లేదు. చివరికి ఆ గడిలో ఇలా రాశాం: "వాడిన నూలుబట్ట, 100 మీటర్ల దారం రీళ్ళు నాలుగైదు, చేతిపని కనీసం 70 గంటలు. అమ్మకపు విలువ వర్తించదు." ఇలా రాయడమే నిజాయితీ అని ఇప్పటికీ అనుకుంటున్నాను. గంటలు కాగితం మీద కనిపించాలి. అవి ధరగా మారనక్కర్లేదు.

నిర్ణయానికి దాదాపు మూడు వారాలు పట్టింది. ఈ సమయంలో బొంత ఆఫీసు బీరువాలో ఉండాలి. అక్కడ వాళ్ళు మంచి ఉద్దేశంతోనే ప్లాస్టిక్ కవరులో పెట్టబోయారు. ఒప్పుకోవద్దు. బట్టలో ఉన్న కాస్త తేమ ప్లాస్టిక్‌లో బయటికి పోలేక ముక్కిన వాసన పట్టిస్తుంది, ఆపైన బూజు మచ్చలు పడతాయి. అవి ఉతికినా పోవు. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి పెట్టమని అడిగాను. బీరువా చెక్కది, అర చెక్క నేరుగా బట్టకు తగలకుండా కింద ఇంకో గుడ్డ పరిచాం. చెక్కలోంచి వచ్చే ఆమ్లం ఏళ్ళ తరబడి తగిలితే బట్ట పసుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. మూడు వారాలకు అంత జరగదు, కానీ ఆఫీసు నిర్ణయాలు ఎప్పుడు తేలతాయో ఎవరు చెప్పగలరు.

ఆ మూడు వారాలూ ప్రతి వారం మామ్మగారి ఇంటికి వెళ్తూనే ఉన్నాను. అన్నిటికన్నా కష్టంగా అనిపించింది అదే. "కప్పుకుంటున్నావా?" అని అడుగుతారు. "ఇంకా ఆఫీసులోనే ఉందండీ, రాశారు, అడుగుతున్నారు" అని ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. అప్పటికప్పుడు సంతోషపెట్టడానికి కప్పుకుంటున్నానని అనొచ్చు. కానీ చూపు లేనివాళ్ళు మన మాట మీదే ఆధారపడతారు. మందుల చీటీలో ఉన్నది ఉన్నట్టు చదివే మనిషి ఇంకో విషయంలో కల్పించి చెప్పకూడదు.

కమిటీ అడిగిన ప్రశ్నలు ముందే తెలిస్తే సిద్ధంగా ఉండొచ్చు కాబట్టి రాస్తున్నాను. బహుమతి కావాలని మీరు ఏ రకంగానైనా సూచించారా? ఆవిడ ఏం ఇస్తున్నారో ఆవిడకు తెలుసా, మతిమరుపు లాంటిది ఏమైనా ఉందా? దీనికి బదులుగా ఏదైనా అడిగారా, ఇంకాసేపు ఉండమనో, రూలుకు బయటి పని చేయమనో? కుటుంబానికి తెలుసా? ఇదే ఇంటికి ఇంకో వలంటీరు కూడా వెళ్తుంటే వాళ్ళకు ఇబ్బంది అవుతుందా? అన్నిటికన్నా మంచి ప్రశ్న చివరిది: వచ్చే నెల మిమ్మల్ని వేరే ఇంటికి మారిస్తే, ఈ బొంత తీసుకున్నాక, వెళ్ళగలరా? ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేదు. బహుమతి తీసుకున్న మనిషికి గడియారం చూడడం మొహమాటంగా మారుతుంది. గంటన్నర కాస్తా రెండున్నర గంటలవుతుంది, ఆ తర్వాత వెళ్ళాల్సిన ఇంటికి ఆలస్యమవుతుంది. బహుమతి వల్ల ఎవరికైనా నష్టం జరిగితే అది ఇలాగే, ఎవరూ గమనించకుండానే జరుగుతుంది. ఇప్పటిలాగే గంటన్నరే ఉంటాననీ, మార్చితే వెళ్తాననీ, మారుస్తున్నట్టు ఆవిడకు ముందే చెప్పే బాధ్యత మాత్రం నాకే ఇవ్వాలనీ రాసిచ్చాను.

కూతురు కోఆర్డినేటరుతో మాట్లాడి సంతోషమే అన్నారట. తన గౌను గుడ్డ ముక్క ఏమైనా మిగిలి ఉంటే కావాలని మాత్రం అడిగారు. మామ్మగారి దగ్గర అరచేతి అంత ముక్క, నాన్నగారి చొక్కా జేబు, రెండూ విడిగా దాచి ఉన్నాయి. అవి కూతురికి చేరాక నా మనసు తేలికపడింది. సెప్టెంబరు మూడో వారంలో అనుమతి వచ్చింది. షరతులు రెండు. తిరిగి డబ్బు రూపంలో ఏమీ ఇవ్వకూడదు, పనివేళలు మారకూడదు.

కృతజ్ఞతగా ఉత్తరం రాశాను. తక్కువ చూపు ఉన్నవాళ్ళు స్వయంగా చదువుకోగలిగేలా రాయాలంటే మెరుపు లేని తెల్ల కాగితం, లావుపాటి నల్ల స్కెచ్ పెన్ను కావాలి. అక్షరం కనీసం ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తు, వరసల మధ్య రెట్టింపు ఖాళీ. వత్తులు అక్షరానికి అంటుకోకుండా కాస్త కిందికి దించి రాయాలి, మన లిపిలో చదవడానికి ఎక్కువ అడ్డొచ్చేవి అవే. నాలుగు వాక్యాలకు రెండు పేజీలు పట్టాయి. నేను చదివి పెడితే సేవలో భాగమయ్యేది. ఆవిడే ఒక్కో అక్షరం పట్టుకుని చదువుకున్నారు.

ఇంటికి తెచ్చాక నేరుగా కప్పుకోకూడదు. మొదటి పని అయస్కాంతం. చేత్తో కుట్టిన దేనిలోనైనా, ముఖ్యంగా చూపు తక్కువైనవాళ్ళు కుట్టినదానిలో, గుండుసూదో విరిగిన సూదిమొనో పొరల మధ్య ఉండిపోయే అవకాశం ఉంది. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని బట్టకు ఆనించి, వరసకు వరస నెమ్మదిగా, రెండు వైపులా తిప్పాను. కింది మూలలో నాలుగు అతుకులు కలిసి మందంగా ఉన్నచోట టిక్కున అంటుకుంది. పక్క కుట్టు రెండంగుళాలు విప్పి చూస్తే గోరు సగమంత సూదిమొన. సూదులు విరిగేది అలాంటి మందమైన చోట్లే, అందుకే మూలల దగ్గర, అతుకులు కలిసేచోట రెండోసారి తిప్పాలి. ఆ విషయం మామ్మగారికి చెప్పాను. విరిగిందని తెలుసట, మొన కింద పడిపోయిందనుకున్నారు.

ఆ పని చేస్తున్నప్పుడే కుట్లు దగ్గరగా చూశాను. ఎడమ అంచు దగ్గర అంగుళానికి అయిదు కుట్లు, స్కేలు పెట్టినట్టు ఉన్నాయి. మధ్యకు వచ్చేసరికి నాలుగు. కుడి అంచు దగ్గర మూడు, ఒక్కోచోట రెండున్నర, వరస కూడా కాస్త వంగి పక్క వరసను ఆనుకుంటుంది. బొంత ఎటు మొదలై ఎటు ముగిసిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కుట్టిన నెలల్లో ఆ కళ్ళకు ఏం జరిగిందో కూడా అక్కడే ఉంది. కుడివైపు కుట్లు వదులుగా ఉన్నాయి, వాటి మీద మళ్ళీ దగ్గరగా కుట్టేస్తే గట్టిగా ఉంటుందని ఒకరు సలహా ఇచ్చారు. చేయలేదు, చేయను కూడా. తెగితే తెగినచోట బాగుచేస్తాను. తెగని కుట్టును సరిదిద్దే హక్కు నాకు లేదు.

తర్వాత బట్ట పరీక్ష. ఆవిడ అన్నీ నూలే అన్నారు, కానీ ఒక నీలం ముక్క మీద నాకు అనుమానం వచ్చింది, మరీ నున్నగా ఉంది. అతుకు మడతలోంచి ఒక పోగు తీసి, ఇనుప గరిటె మీద పెట్టి అంటించాను. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. ఉన్నీ, పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. పాలిస్టరు ముడుచుకుని కరిగి గట్టి గుండులా మిగులుతుంది. నీలం ముక్క కరిగింది. దాంతో బొంత మీద వేడి ఇస్త్రీ పెట్టకూడదని తేలింది. ఇంకో సంగతి, నూలు ముక్కలు చివికిపోయే వయసు వచ్చినా ఆ నీలం ముక్క అలాగే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న అతుకులే ముందు పిగులుతాయి. ఆ చుట్టుపక్కల మీద కన్ను వేసి ఉంచాలి.

పాత బట్టలు కాబట్టి కలరా ఉండల వాసన బాగా ఉంది. దానికి ఉతుకు అక్కర్లేదు. నీడలో, గాలి ఆడేచోట, రోజుకోసారి తిప్పుతూ వారం పాటు పరిచి ఉంచితే చాలావరకు పోయింది. ఎండలో వేస్తే త్వరగా పోతుంది, రంగు కూడా పోతుంది.

ఎర్ర ముక్కల కోసం రంగు పరీక్ష చేశాను. ఇది రెండుసార్లు చేయాలి. తెల్లగుడ్డను చన్నీళ్ళలో తడిపి ముక్క మీద నిమిషం పాటు అదిమి చూడాలి. తర్వాత ఇంకో తెల్లగుడ్డను సబ్బునీళ్ళలో తడిపి అలాగే చేయాలి. నీళ్ళకు దిగని రంగు సబ్బుకు దిగొచ్చు. సరిగ్గా అదే జరిగింది. మొదటి గుడ్డ తెల్లగానే ఉంది, రెండోది గులాబి రంగుకు తిరిగింది. వెనిగరు కలిపితే రంగు ఆగుతుందని చాలామంది చెబుతారు. నూలు మీద వేసిన రంగును వెనిగరు పట్టి ఉంచదు. ఉతక్కుండా వాడుకోవచ్చు కానీ ఎప్పుడో ఒకసారి తడవక తప్పదు. నేను దగ్గరుండి, సిద్ధపడి తడపడమే మేలు.

పెద్ద తొట్టెలో ముందు ఒక పాత దుప్పటి పరిచి, దాని మీద బొంత వేశాను. ఆ దుప్పటి పైకి ఎత్తడానికి. ఒకటిన్నర కిలోల బొంత నీళ్ళు పట్టాక నాలుగు కిలోలు దాటుతుంది. మూల పట్టుకుని లాగితే ఆ బరువంతా రెండు మూడు కుట్ల మీద పడుతుంది. కింది దుప్పటి నాలుగు మూలలూ ఇద్దరు పట్టుకుని ఎత్తాలి, ఒక్కరితో అయ్యే పని కాదు. చన్నీళ్ళు నిండుగా, సబ్బు చాలా కొద్దిగా. నానబెట్టలేదు. అరచేతులతో పైకీ కిందికీ అదిమి వెంటనే నీళ్ళు వదిలేసి కొత్త నీళ్ళు పట్టాను. నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాలి, మధ్యలో ఆపి ఇంకో పని మీదికి వెళ్ళకూడదు. ఎర్రముక్క పక్కనున్న మీగడ రంగు ముక్క మీద గులాబి నీడ పడింది. తడిగా ఉండగానే చూశాను కాబట్టి మళ్ళీ నీళ్ళు పట్టి జాడిస్తే పోయింది. ఆరిపోయాక చూసుంటే ఉండిపోయేది. ఇస్త్రీ వేడి తగిలితే మరీ గట్టిపడుతుంది. పిండలేదు. పెద్ద తువ్వాళ్ళ మీద పరిచి చుట్టి అదిమితే నీళ్ళు అవే పీల్చుకున్నాయి. దండెం మీద వేలాడదీయకుండా, మేడ మీద నీడలో దుప్పటి పరిచి దాని మీద ఆరబెట్టాను. లోపలి పొరలు ఆరడానికి మర్నాడు సాయంత్రం దాకా పట్టింది. పైన ఆరినట్టు అనిపించినా అతుకుల దగ్గర వేళ్ళతో నొక్కి చూడాలి, చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే.

ఆరాక ఎర్రముక్కలు కొద్దిగా ముడుచుకున్నాయి. కొత్త నూలు మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి అయిదు వంతులు కుదించుకుపోతుంది, పాత బట్ట అప్పటికే కుదించుకుని ఉంటుంది. అందుకే ఆ ముక్కల చుట్టూ చిన్న చిన్న ముడతలు వచ్చాయి. అది లోపం కాదు, లాగి సరిచేయడానికి ప్రయత్నించకూడదు.

వెనకవైపు మూలలో చిన్న గుడ్డ చీటీ కుట్టాను. బట్ట మీద చెరగని సిరా పెన్నుతో ముందు చీటీ మీద రాసి, ఆరాక విడిగా ఇస్త్రీ చేసి, అప్పుడు బొంతకు కుట్టాలి, బొంత మీద పెట్టి ఇస్త్రీ చేస్తే నీలం ముక్క కరుగుతుంది. పేరు ఎలా రాయాలో చేసినవాళ్ళనే అడగండి. మామ్మగారు పూర్తి పేరు వద్దన్నారు. పొడి అక్షరాలు, సంవత్సరం, "నూలు, చన్నీళ్ళు, వేలాడదీయవద్దు" అన్న మాటలు చాలన్నారు.

డిసెంబరు 5 అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల దినం. ఐక్యరాజ్యసమితి 1985లో ప్రకటించింది. ఆ రోజు జరిగే సభలో బొంతను వేదిక మీద పెడతామని ఆఫీసు అడిగింది. వాళ్ళ ఉత్సాహం నాకు అర్థమైంది, కానీ జవాబు చెప్పాల్సింది నేను కాదు. మామ్మగారిని అడిగితే "నీకిచ్చింది కప్పుకోడానికి, గోడకు తగిలించడానికి కాదు" అన్నారు. అదే మాట ఆఫీసుకు చేరవేశాను, ఊరుకున్నారు. చేసిన మనిషి అనుమతి లేకుండా ఫోటో కూడా ఎక్కడా పెట్టలేదు.

ఒక్క విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది: ఇలాంటివి దాచిపెట్టకుండా వాడాలి. దాచిన బొంత మడతల దగ్గరే చీలుతుంది. వాడని నెలల్లో కూడా మూడు నాలుగు నెలలకోసారి విప్పి, కొత్త గీతల మీద మడవాలి. కలరా ఉండలు బట్టకు తగలనివ్వకూడదు. ఉన్నిని తినే చిమ్మెటలు శుభ్రమైన నూలు జోలికి రావు, గంజి పెట్టిన నూలును మాత్రం సిల్వర్ ఫిష్ పురుగు కొరుకుతుంది. కాబట్టి దాచేముందు గంజి వద్దు.

ఫిబ్రవరిలో మొదటి మరమ్మతు వచ్చింది. మెడ దగ్గర తగిలే పై అంచు నలిగి పోగులు లేచాయి, దాని కింద ఒక వరసలో నాలుగంగుళాలు కుట్టు తెగింది. వేలాడే దారాన్ని లాగకూడదు, లాగితే అడుగు మేర ఊడొస్తుంది. తెగినచోటికి అంగుళం ముందు నుంచి పాత కుట్ల రంధ్రాల్లోంచే కొత్త దారం పోనిచ్చి, ముడిని చిన్న కుదుపుతో పై పొర దాటించి లోపల దాచి, తెగినచోటు దాటాక ఇంకో అంగుళం కుట్టి ఆపాలి. దారం నూలుదే వాడాలి. గట్టి పాలిస్టరు దారం తెగదు, బట్టను కోస్తుంది. దారం తెగితే మళ్ళీ కుట్టొచ్చు, చివికిన గుడ్డ చిరిగితే కుట్టడానికి అక్కడ ఏమీ ఉండదు. ముక్క అతకాల్సి వచ్చినా అంతే. కొత్త మందపు గుడ్డ వేస్తే దాని అంచు చుట్టూ పాత గుడ్డ చిరుగుతుంది. అదే బరువున్న పాత నూలుగుడ్డను పావు అంగుళం లోపలికి మడిచి అతకాలి.

అంచు కోసం మామ్మగారిని అడిగాను, ఆవిడ మొత్తం చుట్టూ పట్టీ మార్చమన్నారు, పై భాగం ఒక్కటే మారిస్తే బరువు ఒకవైపుకు లాగుతుందని. చుట్టుకొలత 24 అడుగులు, అంటే 288 అంగుళాలు, మూలల మడతలకూ కొసల అతుకుకూ ఇంకో 12 కలిపి 300. రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు, ఒక్కోటి అతుకు పోగా 40 అంగుళాలు వస్తే, ఎనిమిది కావాలి. పట్టీని నిలువుగా సగానికి మడిచి రెండు పొరలుగా వేస్తే ఎక్కువకాలం ఆగుతుంది. పాత అంచు విప్పలేదు, దాని మీదుగానే కుట్టాం. పైవైపు నేను కుట్టాను. వెనకవైపుకు మడిచి కుట్టే భాగం ఆవిడ వేలితో మడత తడుముకుంటూ తనే కుట్టారు. మూల దగ్గర పట్టీని ముందు 45 డిగ్రీల మడత వేసి తర్వాత తిప్పాలని, లేకపోతే మూల గుండ్రంగా ఉబ్బుతుందని చేతిలో పట్టి చూపించారు. పట్టీ పని నాలుగు వారాలు, గంటన్నర సమయం దాటకుండా, చదవాల్సినవి అయ్యాకే జరిగింది. మిగిలిన పట్టీ గుడ్డా, అదే రంగు దారమూ చిన్న సంచిలో వేసి బొంతతోపాటే పెట్టాను. కింది అంచు వచ్చే ఏడాదికి నలుగుతుంది.